మూతికి చిక్కం

“మళ్ళీ తీసేశావా? ముక్కు మీద పెట్టుకుని పది లెక్కపెట్టమంటే నాలుగుకే ప్రాణం పోయిందా?”

నిద్ర జబ్బుల క్లినిక్‌లో అందరూ వింటుండగానే భార్యని కసిరాడు ఇన్‌స్పెక్టరు. డ్రైవింగు పరీక్షలు పెట్టే ఉద్యోగం ఆయనది. ఎదుటి మనిషి కారు తలుపు తీసేలోపే ఫెయిలని తేల్చేయడం ఆయనకి సరదా.

ఆవిడ మాస్కుని ఒళ్ళో పెట్టుకుంది. నిద్ర చాలక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. “ఊపిరాడట్లేదండీ. గదిలో పెట్టి తాళం వేసినట్టుంది.”

“గాలి కొట్టే మాస్కుతో ఊపిరాడదట! విన్నారామ్మా ఈ తెలివి? ఈవిడ గొడవతో ఆఫీసు కుర్చీలో నేను కునికిపాట్లు పడుతున్నాను.”

మాస్కు అలవాటు చేయించే టెక్నీషియనమ్మ నవ్వలేదు. “ఈ భయం చాలామందికి ఉంటుంది సార్. కానీ నిద్రలో గంటకి నలభైసార్లు ఊపిరి ఆగుతోంది. ఇలాగే వదిలేస్తే గుండె మీదకొస్తుంది.”

నిద్రపోయేటప్పుడు వేలికి పెట్టే క్లిప్పొకటి ఆవిడ పోయిన నెల క్లినిక్ నుంచి ఇంటికి తెచ్చింది. దాంట్లో తేలిన సంగతి ఇది. పక్క మీద వాలగానే నిద్రపోయే ఈ మహానుభావుడు భార్య గురక ఏనాడూ విన్న పాపాన పోలేదు.

గుండె మాట వినగానే ఆయన భార్య వైపు తిరిగాడు. ఆవిడ లేని ఇల్లు ఊహకే అందలేదు. భయపడ్డట్టు కనపడితే ఇన్‌స్పెక్టరెలా అవుతాడు? “ఏం చెయ్యాలో చెప్పండి!” అని గద్దించాడు.

“ముందు మీరు పెట్టుకుని చూపించండి. మిమ్మల్ని చూస్తే మేడంగారికి ధైర్యం వస్తుంది.”

“ఇంతేనా! దూడ మూతికి చిక్కం కట్టినంత పని.”

పట్టీ బిగించగానే చెమటలు పోశాయి. ఆరు లెక్కపెట్టేసరికి చెయ్యి దానంతటదే పట్టీ మీదకి పోయింది. భార్య చూస్తోంది. పరువు కోసం పళ్ళు బిగపట్టి పది దాకా లాగించాడు.

ఆ తరవాత పాఠాలన్నీ ఇంట్లోనే. టీవీ చూస్తూ పావుగంట, పేపరు చదువుతూ అరగంట, మధ్యాహ్నం కునుకులో గంట, చివరికి రాత్రంతా. ప్రతిదీ ముందు ఆయనే చేసి చూపించాడు. ఆవిడ మాత్రం “రేపు పెట్టుకుంటానండీ” అంటూ దాటేసేది. పిరికిదానా అని తిట్టి, మర్నాడు మళ్ళీ తనే పెట్టుకునేవాడు.

నెల తిరిగాక క్లినిక్‌లో ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు.

“నేను హాయిగా నిద్రపోతున్నాను దాంతో. ఈవిడ ముట్టుకోదు! పూర్తిగా ఫెయిల్.” అంతలోనే కుర్చీ ముందుకి జరిపాడు. “ఈవిడకేమైనా అయితే ఎలాగమ్మా? ఇంకో దారేం లేదా?”

“మేడంగారికి ఇంక మాస్కుతో పనిలేదు సార్” అంటూ టెక్నీషియనమ్మ ఫైలు ఆయన వైపు తిప్పింది.

క్లిప్పు రిపోర్టు మీద పేషెంటు అన్నచోట ఆయన పేరే ఉంది.