దున్నకుండా వదిలిన ముక్క

నాయిన ఫోన్ చేసేసరికి నేను ఆఫీసులో అయోవా మ్యాపు ముందర ఉన్నాను. అమెరికా పల్లెల్లో పాత బడులు, చర్చీలు, సమాధులు ఎక్కడుండేవో గుర్తించడం నా ఉద్యోగం. పాత కాగితం మ్యాపును ఇప్పటి శాటిలైట్ ఫొటో మీద పరిచి చూస్తాను. మొక్కజొన్న చేను మధ్యలో దున్నకుండా వదిలిన ముక్క కనిపిస్తే, అది సమాధుల చోటే. నూటయాభై ఏళ్లుగా వదిలేస్తూనే ఉన్నారు.

“వర్షితా, ఇయ్యాల పెత్రమాస గద, సచ్చిపోయినోళ్లకు పెట్టే దినం. మీ అమ్మకు అన్నం తెచ్చిన. పొలం అమ్మినప్పటి సంది మీ ఆఫీసు గోడ కాడ్నే అందాజగ పెట్టి పోతున్న. మన పొలంల ఆమె సమాధి సరింగ ఏడుండెనో జర నువ్వన్న చూసి చెప్పు బిడ్డా.”

నానక్‌రామ్‌గూడ పాత సర్వే మ్యాపు తెరిచాను. మా బాయి కాడి నుంచి ఎన్ని అడుగులో నాయిన చెప్తే లెక్కగట్టి చుక్క పెట్టాను. దాని మీద, ఆ పొలంలోనే లేచిన మా ఆఫీసు టవర్ ప్లాను పరిచాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

“దొరికిందా?”

“దొరికింది నాయినా. రెండో సెల్లార్ల, పదిహేడో పిల్లర్ పక్కకు.”

“ఆడ ఇప్పుడు ఏమున్నది?”

“నా స్కూటీ. మూడేండ్ల సంది ఆడనే పెడుతున్న.”



“మంచిదే బిడ్డా,” అన్నాడు నాయిన. “బండికి ఎండ తగలది.”