వేరుపురుగు మందు

"మందు చల్లినవ్, మళ్లా దాన్నే నీళ్లు పోసి కడుగుతున్నవేంది రాజన్నా?"

సులోచన వసారా మెట్లు దిగింది. లాన్‌కు పట్టిన పురుగు చావాలని పత్తర్‌గట్టి బజారు నుంచి తెప్పించిన గమాక్సిన్ పొడి అది. తోటమాలి రాజన్న ఇప్పుడు దాని మీద మూడో బకెట్ గుమ్మరిస్తున్నాడు.

"పురుగు బతికితేనే నీ నౌకరీ బతుకుతదనా? ఇయ్యాల్టితోని మానెయ్యి."

రాజన్న గొంతుక్కూర్చుని, పండిపోయిన గడ్డిని గుప్పెట పట్టి లేపాడు. అది జంపఖానాలా చుట్టుకుని లేచొచ్చింది. వేర్లే లేవు. అడుగు మట్టిలో తెల్లటి పురుగులు ఒళ్లు ముడుచుకుని పడుకున్నాయి.

"తినేటోళ్లు కింద ఉన్నరమ్మా. మందు పైన్నే ఉంటే ఆళ్లకెట్ల అందుతది? నీళ్లే దింపాలె."

సులోచనకు అతని మొహం కంటే పురుగుల్ని చూడటమే సులువనిపించింది.

"ముందుగాల్నే చెప్పొచ్చు గద?"

"పొద్దుగాల సంది కిటికీల కెల్లి చూస్తనే ఉన్నరు గని, అడగలేదమ్మా."

లోపలి నుంచి ఆమె భర్త వామన్‌రావు కేకేశాడు. "ఏమాయె? మాన్పించినవా వాన్ని?"

సులోచన కొంగు నడుముకు దోపింది.

"లేదు. ఇంకా సగం లాన్ తడవాలె. మీరు గూడ ఒక బకెట్ పట్టుకొని రాండ్రి."