పలక మీద పెద్దాయన

సూపర్‌వైజర్ గోడకున్న పలక మీద సుద్దతో రాశాడు: "గూఫప్ - పెద్దాయన."

కళ్ళజోళ్ళ షాపు వెనకగది ఘొల్లుమంది.

"అంటే ఏంటి సార్?" ప్యాకింగ్ అమ్మాయి అడిగింది.

"తప్పులో కాలేయడం. అన్ని తప్పులకీ వాడరు. చూసినవాళ్ళకి నవ్వొచ్చేదానికే వాడతారు."

"ఎలా వాడాలి సార్?"

"పెద్దాయన మూడు వారాల్లో తొమ్మిది అద్దాలు గూఫప్ చేశాడు. ఇలా."

పెద్దాయన తలెత్తలేదు. అద్దం అంచు అరగదీస్తూనే ఉన్నాడు. పనిలో చేరి మూడు వారాలైనా అతని పేరేమిటని ఎవరూ అడగలేదు.

అక్కడ పని తీరు ఒకటే. డాక్టరు చీటీలోని పవర్ని సూపర్‌వైజర్ షాపు చీటీ మీదికి ఎక్కిస్తాడు. అది చూసి పెద్దాయన అద్దం కోస్తాడు.

"బాబూ, మీరు చీటీని మరీ బారెడు దూరం పెట్టి చూస్తున్నారు. ఓసారి కళ్ళు..." అన్నాడొకసారి పెద్దాయన.

"నావి డేగ కళ్ళు. నేనే కళ్ళజోడు పెడితే మన షాపుని ఎవడు నమ్ముతాడు?"

"వైద్యుడికి జ్వరం రాదా బాబూ?"

"నీ అద్దాలు నువ్వు చూసుకో."

ఆ మధ్యాహ్నం ఓనరు విసురుగా లోపలికొచ్చాడు.

"పవర్ తప్పు అద్దాలిచ్చి చచ్చారు! టీచరమ్మ మెట్లమీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. చేసినవాడు ఇవాళే ఇంటికి. ఎవడు?"

సూపర్‌వైజర్ ఆలోచించను కూడా లేదు. నోటికి అలవాటైపోయింది.

"ఇంకెవరండీ, పెద్దాయనే."

పెద్దాయన ఓనరు చేతిలోని టీచరమ్మ చీటీ అందుకుని చూశాడు. తరవాత సూపర్‌వైజర్ని చూశాడు. ఆ వెనక బల్ల మీద సూపర్‌వైజర్ పిల్లలిద్దరి ఫొటో ఉంది.

"నేనేనండీ," అన్నాడు.

ఏప్రాన్ మడిచి పెట్టాడు. "వస్తాను బాబూ."

సూపర్‌వైజర్ ఇంకో చీటీ రాయడం మొదలుపెట్టాడు.

సాయంత్రం సూపర్‌వైజర్ పెద్దాయన బల్ల ఖాళీ చేస్తుంటే సొరుగులో కళ్ళజోడొకటి కనిపించింది. దాని కింద కాగితం: "సూపర్‌వైజర్ బాబుకి. చదవడానికి."

"ముసలాడికి ఎంత పొగరు!" అన్నాడు. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. పెట్టుకున్నాడు.

కాగితం మీది అక్షరాలు నల్లగా, నిటారుగా నిలబడ్డాయి.

అదే సొరుగులో తొమ్మిది చీటీలు. వాటికి గుచ్చిన డాక్టరు చీటీల్లో మూడు ఉన్నచోట తన రాతలో ఎనిమిది ఉంది. సున్నా ఉన్నచోట ఆరు. ప్రతి తప్పు పక్కనా సన్నటి పెన్సిలు దిద్దుబాటు. తప్పు అద్దం పక్కన పడేసి, సరైనది మళ్ళీ కోసి, పలక మీద ఆ తప్పుని తన పేరున రాయించుకున్నాడు ముసలాడు.

చివరికి ఓనరు వదిలి వెళ్ళిన టీచరమ్మ చీటీ తీశాడు. దాని మీద మాత్రం దిద్దుబాటు లేదు.

తేదీ చూశాడు. గురువారం.

మూడు వారాల్లో పెద్దాయన సెలవు పెట్టింది ఆ ఒక్కరోజే. ఆ అద్దం కోసింది సూపర్‌వైజరే.