మగాడితో కుస్తీ

"ఇవాళ ఎక్కడ?" అడిగాడు సెవెరో.

బసీలియా ఎడమ పక్కటెముకల మీద చెయ్యి పెట్టి చూపించింది. అతను రెండు వేళ్ళతో అక్కడ నొక్కి చూశాడు. ఆమె పళ్ళు బిగబట్టింది.

"సరే" అని నల్ల ముసుగు తలకు తొడుక్కున్నాడు. ఆ ముసుగు వేసుకుంటే ఎల్ ఆల్తో ఊరంతటికీ అతను రాబందు. ప్రతి ఆదివారం బరిలోకి దిగే ముందు, తెర వెనక, వాళ్ళిద్దరి మధ్య నడిచే మాటలు ఇంతే.

బయట రేకుల షెడ్డు కిక్కిరిసి ఉంది. జనం శాలువాలు కప్పుకుని, వేడి వేడి మొక్కజొన్న జావ తాగుతూ చలికి ముడుచుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళే ఎక్కువ. వారమంతా సంతలో బంగాళాదుంపలు అమ్ముతూ అరిచి, మిగిలిన గొంతు ఇక్కడ ఖర్చు పెట్టడానికి వస్తారు.

బసీలియా పొరల పావడా గిర్రున తిప్పుతూ బరిలోకి వచ్చి, తలమీది గుండ్రటి టోపీ తీసి జనంలోకి విసిరింది. షెడ్డు దద్దరిల్లింది. రాబందు వస్తూనే ఆమె రెండు జడలూ పట్టి ఈడ్చాడు. అమాంతం ఎత్తి కుడి భుజం మీద పడేశాడు. లేవబోతే మళ్ళీ అదే భుజం మీద పడేశాడు.

"ఒరే దున్నపోతా! ఆడకూతురి మీదట్రా నీ ప్రతాపం?" ముందు వరుసలోంచి ఒక ముసలమ్మ నారింజ తొక్కలు విసిరింది.

"నీక్కూడా కాస్త దాచిపెట్టాలే అవ్వా, రా పైకి" అన్నాడు రాబందు. ఈసారి తొక్క కాదు, నారింజపండే వచ్చి ముసుగుకు తగిలింది.

చివరికి ఎప్పటిలాగే బసీలియా బరి చుట్టూ కట్టిన తాళ్ళెక్కి అతని మీదికి దూకింది. రాబందు వెల్లకిలా పడ్డాడు. ఆడవాళ్ళందరూ లేచి నిలబడి, ఎవరింటి మగాడి పేరు వాళ్ళు పెట్టి మరీ అరిచారు.

తెర వెనక రుఫీనో శాలువాతో సిద్ధంగా ఉన్నాడు. బసీలియా మొగుడు. మినీ బస్సు నడుపుతాడు గానీ ఆదివారం మాత్రం స్టీరింగు ముట్టడు. పెళ్ళాం సంచీ మోస్తాడు, జావ పట్టుకొస్తాడు, చెమట తుడుస్తాడు. తోటి ఆడవాళ్ళు చూసి కుళ్ళుకునేవాళ్ళు.

"ఇట్లాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలే బసీలియా" అనేవాళ్ళు. బసీలియా నవ్వేసి ఊరుకునేది.

ఆ రోజు రుఫీనో తిన్నగా ఇంటికి పోలేదు. పెళ్ళాం చెయ్యి పట్టుకుని, కుస్తీ బృందం నడిపే నికనోరా గదికి తీసుకెళ్ళాడు. సెవెరోతో సహా అందరూ అక్కడే ఉన్నారు. అందరి ముందూ ఆమె రవిక అంచు కాస్త పైకెత్తాడు. ఎడమ పక్కంతా కమిలి నల్లబడి ఉంది.

"అయ్యో తల్లీ!" అంది నికనోరా.

"కుస్తీ అంతా ఉత్తుత్తిదే అంటారు. మరి ఈ దెబ్బలు కూడా ఉత్తుత్తివేనా అమ్మా?" అన్నాడు రుఫీనో. "ఆడదానికి ఆడదాన్నే జోడీ పెట్టండి. మగాడితో మగాణ్ణే తలపడమనండి. ఆటకైనా సరే, మగాడి చెయ్యి ఆడదాని మీద పడకూడదమ్మా. కట్టుకున్నవాణ్ణి, చూస్తూ ఎట్లా కూర్చోను?"

అక్కడున్న మోటు మనుషులు కూడా తల దించుకున్నారు. బసీలియా రవిక అంచు కిందికి లాక్కుంది.

"వద్దమ్మా, జోడీ మార్చకండి" అంది. "మగాణ్ణి ఆడది పడగొడుతుంటే చూద్దామనే కదా వీళ్ళంతా వచ్చేది. నాకూ వారానికి అదొక్కటే..."

రుఫీనో ఆమె భుజాల మీద శాలువా సర్దాడు. ఆమె మాట మధ్యలోనే ఆగిపోయింది.

"ఒక్కటే ఏంటే పిచ్చిదానా? ప్రాణం పోయేదాకా ఆడతావా?" నికనోరా సెవెరో వైపు తిరిగింది. "ఏరా, నోరు పడిపోయిందా? ఇవి నీ దెబ్బలేనా?"

సెవెరో బసీలియా వంక చూశాడు. ఆమె వద్దని తల కదిలీ కదలనట్టు అడ్డంగా ఊపింది. అది చూసి వెనకున్న ఇద్దరు మోచేతులతో పొడుచుకున్నారు. వాళ్ళకు తోచింది వాళ్ళు అనుకున్నారు.

"నావే" అన్నాడు సెవెరో.

ఎవరో కాండ్రించి ఉమ్మారు. నికనోరా ఇక ఆలోచించలేదు. వచ్చే ఆదివారం నుంచి తన బరిలో ఆడామగా తలపడేది లేదంది. సెవెరో మళ్ళీ ఈ గడప తొక్కకూడదంది.

సెవెరో ముసుగు మడతపెట్టి ఆమె బల్ల మీద ఉంచాడు. పోతూ పోతూ బసీలియా ముందు ఆగాడు. ఏదో అడగబోయి, మానుకుని వెళ్ళిపోయాడు. పదకొండేళ్ళుగా ఆ ముసుగే అతనికి కూడు పెట్టింది. ఇక ఆ ఊళ్ళో ఏ బృందమూ అతణ్ణి చేర్చుకోదు.

గదిలో ఉన్నవాళ్ళంతా రుఫీనో చుట్టూ చేరారు. "మగాడంటే నువ్వయ్యా" అని వీపు తట్టారు. నికనోరా ఇద్దరినీ దీవించి, వాకిలి దాకా వచ్చి సాగనంపింది. దారి పొడుగునా రుఫీనో పెళ్ళాం చెయ్యి వదల్లేదు.

ఇంటికి చేరాక అతను తలుపు గడియ పెట్టి, టోపీ తీసి మేకుకు తగిలించి, ఇవాళ ఎక్కడ అని అడగకుండానే, రోజూలాగే కొట్టడం మొదలుపెట్టాడు.