మాట పోయిన చిలక

"ఏం చేశావు నా చిలకని?"

బ్యాంకు మేనేజరు చెప్పులైనా విప్పకుండా గదిలోకి దూసుకొచ్చి, పంజరం పట్టుకుని ఊపేశాడు. కుట్టుపిన్ని మిషన్ మీద కాలు ఆపింది. తొమ్మిది రోజుల క్రితం పండగ సెలవులకి ఊరెళుతూ, "కాస్త కనిపెట్టి చూడమ్మా" అని చేతులు జోడించి మరీ ఈ పంజరాన్ని అప్పగించిన పెద్దమనిషి ఈయనే.

"ఏం చేస్తాను బాబూ? వేళకి తిండి పెట్టాను, నీళ్ళు మార్చాను."

"మరి నోరు విప్పదేం? ఇందాక గుమ్మం బయట నిలబడి ఎంత పిలిచినా పలకలేదు. మా ఇంట్లో అయితే వచ్చినవాళ్ళందరినీ 'రండి, కూర్చోండి' అని పలకరించేది. ఇప్పుడు బొమ్మలా కూర్చుంది!"

"నా దగ్గరికి వచ్చాక ఒక్క ముక్క మాట్లాడలేదు. కొత్త చోటు కదా, బెంగ పెట్టుకుందేమో అనుకున్నాను."

"బెంగా, పాడా! బెదరగొట్టి ఉంటావు. సెలవులొస్తే చాలు, ఊళ్ళో జంతువులన్నిటినీ పోగేసి ఈ కొట్టుగదిలో కుక్కుతావు!"

పిన్నికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళుగా ఎవరి చేతా మాట పడ్డ మనిషి కాదు. మిషన్ కింద ముసలి కుక్క పడుకుని ఉంది. మిషన్ చప్పుడు వింటూ ఉంటేనే దానికి నిద్ర పడుతుందని, కుట్టడానికి బట్టలు లేకపోయినా ఉత్తి మిషన్ తొక్కుతూ కూర్చున్న రోజులున్నాయి. ముక్కల బుట్టలో ఒంటికన్ను పిల్లి. బల్ల కింద రెండు కుందేళ్ళు.

"నేను కుక్కింది కిటికీ సందుల్లో గుడ్డపేలికలు బాబూ! బయట టపాకాయల మోతకి ఇవి హడలి చావకుండా! ఈ గదిలో నేను దగ్గినా మెల్లగా దగ్గుతాను, తెలుసా?"

"గొంతు లేపకు!"

"లేపుతోంది నువ్వా, నేనా?"

ఈ గోలకి పైనుంచి బిల్డింగు సెక్రెటరీ దిగొచ్చాడు. సగం గడ్డం గీసుకుని ఉన్నాడు, మిగతా సగానికి నురగ అలాగే ఉంది.

"చూడండి సార్," అని మేనేజరు పంజరం ఎత్తి చూపించాడు. "మాట పోయింది. రొమ్ము మీద ఈకలు కూడా పోయాయి. నోరులేని ప్రాణిని ఏం హింస పెట్టిందో ఏమో!"

"అయ్యో, వచ్చేటప్పటికే అక్కడ బోడిగా ఉందండీ! ఇప్పుడిప్పుడే నూగు మొలుస్తోంది, దగ్గరగా చూడండి."

"అంటే నేను పీకానంటావా?"

సెక్రెటరీ చూడలేదు. నురగ కారిపోతుందన్న తొందరలో ఉన్నాడు. "పిన్నీ, ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఊరుకోనని మొన్ననే చెప్పాను. సాయంత్రానికల్లా వీటన్నిటినీ బయటికి పంపెయ్."

"ఎక్కడికి పంపనండీ? వీటిని నాకు అప్పగించినవాళ్ళు నాలుగు రోజులకి గానీ ఊళ్ళనుంచి రారు! ఈ ముసలి కుక్కని వీధిలో వదిలితే మొదటి టపాకాయకే గుండె ఆగి పోతుంది!"

"అదంతా నాకు తెలీదు."

పిన్ని చుట్టూ చూసింది. గుమ్మంలో మేనేజరు భార్య నిలబడి ఉంది, చేతిలో ప్రయాణం సంచి ఇంకా అలాగే ఉంది. వెనకాల ఆరేళ్ళ పాప తల్లి కొంగు పట్టుకుని ఉంది.

"అమ్మా, నువ్వైనా చెప్పు తల్లీ. నాకు అప్పగించిన రోజున దీనికి ఈకలున్నాయా?"

ఆమె మొగుడి ముఖంలోకి చూసి, తల దించుకుంది. "నాకేం తెలీదు పిన్నిగారూ."

అంతే, పిన్నికి ఆయన మీదకంటే ఆవిడ మీద ఎక్కువ మండుకొచ్చింది. కళ్ళారా చూసిన నిజం చెప్పడానికి ఇంత నీళ్ళు నమలడమా? ఏం ఆడదమ్మా! తనమీద పడ్డ నింద సంగతి దేవుడెరుగు, ఈ మూగజీవాలు రోడ్డున పడతాయన్న జాలైనా ఉండొద్దూ?

"సరే," అన్నాడు సెక్రెటరీ విసుగ్గా. "చిలక మాట్లాడితే ఏ గొడవా లేదు. మాట్లాడించు, చూద్దాం."

పిన్ని పంజరం ముందు చతికిలబడింది. జీవితంలో ఎవరినీ బతిమాలుకోని మనిషి చేతులు జోడించింది. "చిట్టితల్లీ, ఒక్కమాట అనవే. 'రండి' అను చాలు. నీకు పుణ్యముంటుంది. ఈ మూగజీవాలన్నిటినీ కాపాడవే."

చిలక రెక్కలో ముక్కు దూర్చుకుంది.

"అలా కాదు దానికి. నువ్వు లే!" మేనేజరు ఆమెను పక్కకి తోసి పంజరం మీదికి వంగాడు. "మాట్లాడవే! నిన్నే! ఎన్నిసార్లు చెప్పాలి? చెవుడా?"

పిడికిలితో పంజరం మీద ఒక్కటిచ్చాడు. నీళ్ళ గిన్నె బోర్లాపడింది. మిషన్ కింద కుక్క గజగజ వణుకుతూ పిన్ని చీర కుచ్చిళ్ళలోకి దూరింది. "ఏయ్, చెయ్యి తియ్!" అని పిన్ని లేచేలోగా ఆయన మళ్ళీ చెయ్యెత్తాడు.

చిలక ఒక మూలకి ముడుచుకుపోయి నోరు తెరిచింది. గుమ్మంలో నిలబడ్డ భార్య పెదవి కదపలేదు, కానీ ఆ గొంతు అచ్చం ఆవిడదే.

"తప్పయిపోయిందండీ... పాప చూస్తోంది, కొట్టకండీ!"