చెవితో వెల్డింగ్

కుర్చీ కిర్రుమని పక్కకి ఒరిగింది. వెల్డింగ్ మాస్టారు పడబోయి గోడ పట్టుకున్నాడు.

"ఇలా ఇవ్వండి, బిగిస్తాను" అంది ఎదురుగా కూర్చున్న ఆవిడ, సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీస్తూ.

యూనివర్సిటీలో మరమ్మతులు చూసే మనిషి కాబోలు అనుకున్నాడు మాస్టారు.

"ఆ కిటికీ గడియ కూడా కాస్త చూడమ్మా. పట్టేసినట్టుంది" అని పురమాయించాడు.

ఆవిడ మారుమాట లేకుండా అదీ చూసింది.

గాలి వచ్చినా మాస్టారికి చెమటలు ఆగలేదు. ఇరవై రెండేళ్లుగా శిక్షణ కేంద్రంలో వెల్డింగ్ నేర్పుతున్నాడు. కిందా మీదా పడి పీజీ పూర్తి చేశాడు. తనలాంటి శిక్షణ కేంద్రాల మాస్టార్లకి పీహెచ్‌డీలో ఉన్నది ఒక్క సీటు. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. రాడ్డు పట్టుకునేవాడికి రీసెర్చ్ ఏమిటని స్టాఫ్ రూమంతా నవ్వినా, మొండిగా ఇంటర్వ్యూకి వచ్చాడు.

చేతిలో తన రీసెర్చ్ గురించి రాసిన నాలుగు పేజీలు. బట్టీ పడుతున్నాడు.

"ఏం రాశారు?" అడిగింది ఆవిడ.

చదివి వినిపించాడు.

"నాకొక్క ముక్క అర్థం కాలేదు. మీకు?"

"నాకూ అంతంత మాత్రమే. మా మేనల్లుడు రాసిపెట్టాడు."

"అయితే మడిచి జేబులో పెట్టుకోండి. మీ పిల్లలకి చెప్పినట్టు చెప్పండి."

"వెల్డింగ్ ముసుగుకుండే నల్లద్దంలోంచి కొత్త పిల్లలకి ఏమీ కనపడదమ్మా. చెవితో పట్టుకోవాలి. చెయ్యి సరిగ్గా నడిస్తే, నూనెలో వేగుతున్నట్టు ఒకే తీరుగా చప్పుడొస్తుంది. ముందు చెవికి నేర్పితే చెయ్యి తొందరగా నేర్చుకుంటుందని నా నమ్మకం."

"నమ్మకమంటే లోపల ఊరుకోరు. చెవి వల్లే నేర్చుకున్నారని రుజువేంటి?"

మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది. గడియలు బాగుచేసే మనిషికి రుజువులు కావాలట.

"సగం మందికి చెవుల్లో దూది పెట్టి నేర్పుతా. ఎవరు ముందు నేర్చుకుంటారో మీరే చూద్దురుగాని."

ఆవిడ మొహం వెలిగిపోయింది.

"రీసెర్చ్ అంటే అదే మాస్టారూ. లోపలికెళ్లగానే ఆ దూది మాట చెప్పండి."

చెప్పాడు. పెద్ద ప్రొఫెసర్ పెన్ను కింద పెట్టి ముందుకు వంగాడు. ముప్పావుగంట ప్రశ్నలే ప్రశ్నలు. మాస్టారు ఒక్కదానికీ తడుముకోలేదు. ఆఖరికి ప్రొఫెసర్ లేచి నిలబడి చెయ్యి అందించాడు.

"సీటు మీదే."

మాస్టారికి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయన కోసం ఎవరూ లేచి నిలబడలేదు.

బయటికొస్తూనే భార్యకి ఫోన్ చేశాడు.

"కొట్టేశానే. రాడ్డు మాస్టారు అని ఇంకెవర్నైనా అనమను, చూద్దాం."

ఫోన్ పెట్టి చుట్టూ చూశాడు. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది.

"ఇక్కడ మరమ్మతులు చేసే ఆవిడ ఏరండీ? ఆవిడకి ముందు దండం పెట్టాలి" అని గుమాస్తాని అడిగాడు.

"మరమ్మతులా? ఆవిడ ఎలక్ట్రికల్ మేడమండీ, మీలాగే వేరే ఊరి శిక్షణ కేంద్రంలో పాఠాలు చెబుతారు. పొద్దున్నే లోపలికెళ్లొచ్చి కూర్చున్నారు. మీకొచ్చిందని చెబితే, రావలసిన వాళ్లకే వచ్చిందని నవ్వుతూ వెళ్లిపోయారు."

మాస్టారు ఆ ఖాళీ కుర్చీ వైపు తిరిగాడు.

గుమాస్తా రిజిస్టరు మూస్తూ అన్నాడు, "ఆ ఒక్క సీటుకి మేం పిలిచింది ఇద్దర్నే సార్, మిమ్మల్నీ ఆవిడనీ."