లైన్లోనే ఉండండి

"ఏమ్మా, నా వాషింగ్ మెషీన్ తిరగడం లేదని చెబుతుంటే మ్యావ్ అంటావేంటి? వెటకారమా?"

ఫోన్లో పెద్దాయన గయ్యిమన్నాడు.

"నేను కాదండీ, పిల్లి..." అనబోయి ఆమె నాలిక కరుచుకుంది. ఇంట్లో కూర్చుని ఫిర్యాదుల ఫోన్లు తీసుకోవడం ఆమె ఉద్యోగం. ఫోన్ చేసినవాళ్లకు మాత్రం ఆఫీసులో ఉన్నట్టే అనిపించాలి.

"మీరు చెప్పేది వింటున్నానండీ. లైన్లోనే ఉండండి," అంది. ఎవరెంత తిట్టినా ఈ ముక్కే అనాలని కంపెనీ నేర్పింది.

పిల్లులు రెండు. దొర, బుడ్డి. సెలవు రోజున బతిమాలి పిలిచినా తిరిగి చూడవు. ఆమె హెడ్‌ఫోన్ తగిలించుకుందంటే మాత్రం ఎక్కడలేని ప్రేమా పుట్టుకొస్తుంది. దొర కీబోర్డు మీద పడక వేస్తాడు. బుడ్డి భుజమెక్కి నేరుగా మైకులోనే కచేరీ పెడుతుంది.

ఆ సాయంత్రమే సూపర్‌వైజరు ఫోన్ చేశాడు.

"ఇంకోసారి పిల్లి గొంతు వినపడిందో, ఉద్యోగం మానేసి వాటినే పెంచుకోండి."

"ఇక వినపడదు సార్. ఈ ఒక్క జీతంతోనే ఇల్లు గడుస్తోంది సార్," అని ఆమె కిటికీ దగ్గర నిలబడి ఏడ్చినంత పని చేసింది. వీధి దాకా వినపడుతుందన్న ధ్యాస కూడా లేదు.

మర్నాటి నుంచి కొత్త పీడ పట్టుకుంది.

టక్. టక్. టక్.

కింది వాటాలో కొత్తగా దిగిన ముసలాయన బూజుకర్రతో తన పైకప్పును, అంటే ఈమె నేలను, పొడుస్తున్నాడు.

పిల్లులు గెంతడం మొదలుపెడితే చాలు, కింద టక్ టక్. ఆ చప్పుడుకు రెండూ లోపలి గదిలోకి పరుగెత్తి, బీరువా పక్క మూలలో నేలకు అతుక్కుపోయేవి.

'పాపం, జడుసుకుంటున్నాయి. మూగజీవాల మీదా ఈయన ప్రతాపం!' అని ఆమె పళ్లు నూరింది.

ఒకసారి మెట్ల దగ్గర ఎదురుపడ్డాడు. మెడకు మఫ్లరు చుట్టుకుని, గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

"పిల్లులండీ. వాటికి చెబితే వింటాయా? నన్నేం చెయ్యమంటారు?" అంది.

ఆయన నవ్వాడు. వేలు పైకి చూపించి, గాల్లో తట్టినట్టు చేసి వెళ్లిపోయాడు. ఒక్క మాట లేదు.

'నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయి కాబోలు. పైగా మళ్లీ కొడతానని బెదిరింపొకటి!'

ఆ రోజు నుంచి ఆమె కూడా తగ్గలేదు. కింద టక్‌మంటే, పైన మడమతో దబ్‌మని ఒకటి తన్నేది. నోరు మూసుకొమ్మని దాని అర్థం. ఆయన కాసేపాగి, మెల్లగా ఇంకొకటి కొట్టి ఊరుకునేవాడు. మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అన్నారా!

ఒక మధ్యాహ్నం సూపర్‌వైజరు లైన్లో చేరి ఆమె మాట్లాడే తీరు వింటున్నాడు. అదృష్టం కొద్దీ పిల్లులు నిద్రలో ఉన్నాయి.

టక్ టక్. టక్ టక్ టక్.

'ఇప్పుడేమొచ్చింది? పిల్లి కదల్లేదే!'

చప్పుడు ఆగలేదు. పిల్లులు లేచి మూలకు ఉరికాయి. ఈసారి అక్కడ పడుకోలేదు. నేలను గోళ్లతో గీకి, వెనక్కొచ్చి, ఆమె బట్టలు పట్టి లాగుతూ గుక్కపెట్టి అరిచాయి.

ఆమె మైకు చేత్తో మూసి, రెండింటినీ స్నానాల గదిలోకి తోసి గడియ పెట్టింది. ఆ మూలకు పోయి, ఉన్న కోపమంతా కాల్లోకి తెచ్చుకుంది.

దబ్! దబ్! దబ్!

కింద నుంచి ఒకే ఒక్కటి, నెమ్మదిగా. టక్.

తర్వాత చప్పుడు లేదు.

'తిక్క కుదిరింది,' అనుకుని మైకు మీంచి చెయ్యి తీసింది.

"మీరు చెప్పేది వింటున్నానండీ. లైన్లోనే ఉండండి."

సాయంత్రం మెట్ల దగ్గర జనం గుమిగూడారు.

"గుండెపోటట. మంచం దిగలేకపోయారు."

"బూజుకర్ర జాగ్రత్తగా గోడకు ఆనించి, తలుపుకేసి చూస్తూ పోయారు. ఎవరో వస్తున్నట్టు."

"మధ్యాహ్నం ఎవరైనా చూసుంటే బతికేవారన్నాడు డాక్టరు."

ఆమె జనం వెనకనుంచే పైకి వచ్చేసింది. తను విన్న చప్పుడు సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి భయం వేసింది.

వారం తర్వాత ఆయనతో ఉండే చెల్లెలు ఇల్లు ఖాళీ చేస్తూ, పైకి ఎక్కి తలుపు తట్టింది.

"ఫోన్లు మాట్లాడే అమ్మాయివి నువ్వేనా? ఒక్కసారి నీ పిల్లుల్ని చూడనిస్తావా అమ్మా?"

అవి ఆ మూలలోనే ఉన్నాయి, నేలకు చెవులు ఆనించి.

"అన్నయ్య మంచం సరిగ్గా దీని కిందే," అంది ఆవిడ కళ్లొత్తుకుంటూ. "ఉద్యోగం పోతుందని నువ్వు కిటికీలో ఏడవడం విన్నాడు. అవి నీ మీద పడి అల్లరి మొదలెట్టగానే తట్టి, ఇటు పిలుచుకునేవాడు. పాపం, ఆ పిల్ల పని చేసుకోవాలి కదా అనేవాడు."

"మరి నాతో... ఒక్క మాటైనా అనలేదే?"

"గొంతు ఆపరేషనయ్యాక మాటెక్కడిదమ్మా? అన్నీ సైగలే."

ఆమె బీరువాను పట్టుకుని నిలబడింది.

"పగలంతా ఒక్కణ్ణే వదిలి పనికి పోవాలంటే నాకు భయమేసేది. అన్నయ్యే నాకు ధైర్యం చెప్పేవాడు. పైన మనిషి ఉందిలే, నేను తడితే కాలితో తట్టి పలుకుతుంది, ఏదైనా అయితే పరుగెత్తుకొస్తుంది అని."

వెళ్లబోతూ ఆవిడ ఆమె తల నిమిరింది.

"ఆ రోజు నీకు వినపడి ఉండదులే తల్లీ. వినపడుంటే నువ్వు పలక్కుండా ఉంటావా?"